శనివారం మాత్ర

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఆషాఢంలో నన్ను ప్రొద్దుటూరు నుంచి పులివెందుల వైపు ఒక సర్కారు ఆసుపత్రికి బదిలీ చేశారు. ఏ ఆసుపత్రో చెప్పను. తప్పు చేసింది నేనైతే ఆసుపత్రి పేరెందుకు చెడగొట్టాలి? నా హోదా ఫార్మసిస్ట్ గ్రేడ్ వన్. సర్వీసు ఇంకా ఐదేళ్ళు మిగిలి ఉంది. ఇప్పుడు మావాళ్ళను ఫార్మసీ ఆఫీసర్లంటున్నారు. అప్పట్లో కాగితాల మీద ఫార్మసిస్టు, జనం నోట్లో కాంపౌండరు. కాంపౌండరంటే సీసాల్లో అరకు కలిపే మనిషి, అది మా నాయన కాలం మాట. నేను జన్మలో ఒక్క సీసా కలిపి ఎరగను. అయినా ఆ పిలుపు నాకు బాగానే ఉండేది. ఎవరైనా ‘ఫార్మసిస్టు గారూ’ అన్నారంటే మాత్రం తనిఖీకి వచ్చారేమోనని గుండె దడదడలాడేది.

ఇల్లు జమ్మలమడుగులో ఉండిపోయింది. పొద్దున్నే మొదటి బస్సెక్కేవాణ్ణి. ముద్దనూరు దాటేసరికి నిద్ర పట్టేది, తొండూరు దగ్గర మెలకువ వచ్చేది. ఐదేళ్ళు తిరిగినా ఆ మధ్య దోవ నాకు సరిగ్గా తెలియదు. సగం మూసిన కళ్ళతో చూసినంతే తెలుసు. నల్లరేగడి చేలు, చేలమీద పలచటి మంచు, ఆ మంచులో కాళ్ళు కనపడకుండా నడిచిపోయే గొర్రెలు, ఒక మోటారు షెడ్డు మీద కూర్చుని బస్సు వైపే చూసే నెమలి. ఆ నెమలిని నిజంగా చూశానో నిద్రలో చూశానో ఇప్పటికీ తేల్చుకోలేను. పక్కన కూర్చునే టీచరమ్మను ఒకసారి అడిగితే, ‘నెమలా? యాడ సార్?’ అని నవ్వింది. రిటైరయ్యాక కూడా మధ్యాహ్నం కునుకు పడితే చాలు, ఆ బస్సు కదులుతుంది.

మందులిచ్చే గది గురించి చెప్పాలి. కిటికీకి ఇనుప జాలీ ఉంటుంది, కింద చెంబు పట్టేంత సందు. జాలీ మీద ఏళ్ళ తరబడి నోటీసులు అతికిస్తూ పోయారు. ఓపీ వేళలు, ఉమ్మరాదు, దోమ తెరలు వాడండి, వరుసలో నిలబడండి. చివరికి బయట నిలబడిన మనిషి ముఖం లోపలికి కనపడకుండా పోయింది. సందులోంచి ఓపీ చీటీ పట్టుకున్న చెయ్యి వస్తుంది, నేను చీటీ చదివి, మాత్రలు కత్తిరించి, కాగితం కవర్లో వేసి చేతిలో పెడతాను, చెయ్యి వెళ్ళిపోతుంది. చదువురాని వాళ్ళకు కవరు మీద పొద్దునకు సూర్యుడు, రాత్రికి నెలవంక గీసిస్తాను. చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, పనిచేసే చేతులకు ముళ్ళ గీతలుంటాయి. అరటి గెలలు కొట్టే చేతులకు ఎంత కడిగినా పోని నల్లటి మరకలు. నెల తిరిగేసరికి నాకు ఆ ఊరి మనుషులంతా చేతులుగానే పరిచయమయ్యారు. బస్టాండులో నన్ను పలకరించిన వాళ్ళను కూడా ముందు చేతులు చూసి పోల్చుకునేవాణ్ణి.

ఇక మాత్ర సంగతి. ఎముకలు గుల్లబారే జబ్బుకు అలెండ్రోనేట్ అనే మాత్ర ఉంది, వారానికొక్కటే మింగాలి. చూడటానికి చిన్నది, గుణానికి మొండిది. పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగాలి. మింగాక అరగంట సేపు ఏమీ తినకూడదు, వంగకూడదు, పడుకోకూడదు. మాత్ర ఆహారనాళంలో ఎక్కడైనా ఆగిందంటే అక్కడ పుండు పెడుతుంది. నీళ్ళు దాన్ని కిందికి తోసుకుపోవాలి, మనిషి నిటారుగా ఉండి దోవ ఇవ్వాలి. ఇంత తతంగం ఉన్న మాత్రను జనం గుర్తుపెట్టుకుని వారానికొకసారి మింగాలంటే మాటలా? కొందరు మరిచిపోయేవాళ్ళు. కొందరు జ్వరం మాత్రల్లా వరసగా నాలుగు రోజులు నాలుగూ మింగి, అయిపోయాయని మళ్ళీ వచ్చేవాళ్ళు.

దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ప్రొద్దుటూరులో ఉండగానే మొదలుపెట్టాను. ఎవరి దేవుడి వారం వాళ్ళకు మరుపు రాదు. కాబట్టి తురకల ఆడవాళ్ళకు శుక్రవారం, మా క్రైస్తవులకు ఆదివారం, శివుడి భక్తులకు సోమవారం, ఆంజనేయస్వామిని కొలిచేవాళ్ళకు శనివారం. మా తాత మిషను వాళ్ళ కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాడు. నేను పుట్టింది మొదలు చర్చి గంట విని పెరిగినవాణ్ణి, ఇరుగుపొరుగు ఒక్కపొద్దులు చూస్తూ పెరిగినవాణ్ణి. ఒక్కపొద్దు రోజు వీళ్ళ కడుపు పొద్దున ఖాళీగా ఉంటుంది, మాత్రకు కావలసిందీ ఖాళీ కడుపే. ఎంత బాగా కుదిరిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. సూపరింటెండెంటు గారు కూడా ‘భలే పట్టినావే జయరాజ్’ అన్నారు. ఆయనే మా ఎముకల డాక్టరు కూడా.

శ్రావణానికి వారం ముందు ఒక కొత్త చెయ్యి వచ్చింది. ఎడమ మణికట్టు కాస్త వంకరగా అతుక్కుని ఉంది, మోచేతి దాకా పచ్చబొట్టు చుక్కలు. చీటీ మీద పేరు ఓబులమ్మ, వయసు అరవై ఆరు, ఊరు లింగాల దగ్గర ఒక పల్లె. తోటలో కాలుజారి పడితే చెయ్యి విరిగిందట. అంత చిన్న పాటుకే విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉంటాయని డాక్టరు పరీక్ష చేయించి ఈ మాత్ర రాశారు. నాలుగు మాత్రలు చేతిలో పెట్టగానే గొంతు లేచింది.

“ఏంది కాంపౌండరప్పా, నాలుగే ఇస్తాండావు?”

వారానికొకటేనని చెప్పాను.

“వారానికొకటా? వారానికొకసారి నీళ్ళు కడితే చీనీ చెట్టు గూడా ఎండిపోతాది గదప్పా. ఇది యాడ పని చేస్తాది?”

ఈ మాత్ర ఎముకలోకి చేరితే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుందని, రోజూ అక్కర్లేదని చెప్పి, ఏ దేవుణ్ణి కొలుస్తావని అడిగాను. గండి ఆంజనేయస్వామిని, పెళ్ళయినప్పటి నుంచీ శనివారం ఒక్కపొద్దు తప్పలేదు, శ్రావణమంతా ప్రతి శనివారం గండికి పోతాను అంది. నాకు కావలసింది దొరికింది. ‘అయితే శనివారమే మింగమ్మా, కడుపు ఎట్లాగూ ఖాళీగా ఉంటుంది’ అన్నాను. నీళ్ళతో మింగాలి, అరగంట పడుకోకూడదు అని కూడా చెప్పాను. చెప్పలేదని కాదు. అయితే ఆ మాట నేను రోజుకు ఎన్నోసార్లు చెప్పే మాట, ఊపిరి తీసుకోకుండా చెప్పే మాట. చివర ‘అర్థమైందా?’ అని అడిగాను. ‘అర్థమయిందిలేప్పా’ అంది. కవరు మీద సూర్యుణ్ణి గీసి, కింద ‘శని’ అని రాసి ఇచ్చాను.

శ్రావణంలో మూడో శనివారం దాటాక ఒక సోమవారం ఆ చెయ్యి మళ్ళీ వచ్చింది. ఈసారి చీటీ లేదు.

“అప్పా, రొమ్ము నడుమ మండుతాంది. సంగటి దిగబడటం ల్యా.”

సోమవారాలు మాకు సంత మాదిరి ఉంటాయి. ఆ చెయ్యి వెనక ఇంకా నలభై చేతులున్నాయి. ‘ఊరిబిండి పచ్చట్లో మిరపకాయలు తగ్గించమ్మా, తగ్గకపోతే డాక్టరుకు చూపించు’ అన్నాను. చెయ్యి కాసేపు సందులోనే ఆగి, వెనక్కి పోయింది. ఆ ఆగడం నాకు బాగా గుర్తుంది. నన్ను నేను ఎంత తిట్టుకున్నా తక్కువే. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న వాణ్ణి, వారపు మాత్ర మింగే మనిషి రొమ్ములో మంట అంటే ముందు ఏం అడగాలో తెలియదా?

వినాయక చవితి అయిన వారానికి కిటికీలోకి పడుచు చెయ్యి ఒకటి వచ్చింది, దాంట్లో పెద్ద కవరు. ఓబులమ్మ కోడలు రాజేశ్వరి. అత్తకు మంచినీళ్ళు కూడా గొంతు దిగకపోతే ప్రొద్దుటూరు తీసుకుపోయి, గొట్టం వేసి లోపలికి చూసే పరీక్ష చేయించారట. ఆహారనాళంలో కింది భాగాన లోతైన పుండు, మాత్ర వల్ల కావచ్చు అని రిపోర్టులో ఉంది. నేను రిపోర్టు రెండుసార్లు చదివి, మీ అత్త నిండు గ్లాసు నీళ్ళతో మింగిందా అని అడిగాను.

“యాడప్పా నిండు గ్లాసు? శనివారం దర్శనం అయ్యేదాకా మా అత్త ఉమ్మి తప్ప ఏమీ మింగదు. నీళ్ళు తాగితే ఒక్కపొద్దు చెడుతాదంటాది.”

మరి మాత్ర ఎట్లా వేసుకుంది అన్నాను.

“కొంగున కట్టుకోని గండికి పోయేది. పూజారి తీర్థం పోస్తాడు గదా, దాంతో మింగేది. తీర్థం దేవుడిది గాబట్టి పొద్దు చెడదంట, నువ్వు పరగడుపున ఏసుకోమంటివి గాబట్టి ఆ మాటా దక్కినట్టంట. పొద్దన్నుంచి క్యూలో నిలబడి నడుం పోయింటాది గదా, అట్లే మండపంలో పండుకొనేది.”

ఉద్ధరిణెడు తీర్థం. ఆ పైన చల్లటి బండ మీద నిద్ర. నేను కత్తెర పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుండిపోయాను. గండి నాకు తెలుసు. రెండు కొండల నడుమ పాపాఘ్ని ఏరు, గట్టు మీద గుడి, శ్రావణ శనివారం పొద్దున తడిబట్టలతో కదిలే జనం. ఆ జనంలో ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పి నా మాత్ర తీసి, కళ్ళకద్దుకుని, అరచేతిలోని తీర్థంతో మింగడం నేను అక్కడే ఉండి చూసినట్టు కనపడింది. నా మీద నమ్మకం, దేవుడి మీద నమ్మకం రెండూ చెడకుండా ఆమె చేసిన ఏర్పాటది. వారం నేనే చెప్పాను. ఆ వారం ఆమె నీళ్ళు తాగుతుందా అని మాత్రం అడగలేదు.

అప్పుడు రాజేశ్వరితో ఏమన్నానో రాయకుండా ఉండాలని ఉంది, రాయకపోతే ఈ జ్ఞాపకం రాసి ఏం లాభం? ‘నీళ్ళతో మింగమని చెప్పాను కదమ్మా’ అన్నాను.

“చెప్పినావంటప్పా. తప్పు మాదేలే,” అంది ఆ పిల్ల.

సూపరింటెండెంటు గారు రిపోర్టు చూసి మాత్ర ఆపించారు. ఈ మనిషికి ఇంక జన్మలో ఈ మాత్ర ఇవ్వకూడదని చీటీ మీద ఎర్ర సిరాతో రాశారు. పుండు మానడానికి కడుపులో పులుపు తగ్గించే మాత్ర, పుండు మీద పూతలా పట్టే సిరప్పు రాశారు. ఇవి కాక ఒక ఫారం ఉంటుంది. మందు వల్ల రోగికి హాని జరిగిందని అనుమానం వస్తే నింపి పైకి పంపాలి. ఎవరినీ శిక్షించడానికి కాదది, ఇంకో చోట అదే జరగకుండా ఉండటానికి. ఏ మందు, ఎన్ని రోజులు, ఎలా తీసుకున్నారు, హాని ఏమిటి అని గళ్ళుంటాయి. ఆ ఫారం నింపే పని ఫార్మసిస్టుదే. సూపరింటెండెంటు గారు నా ముఖం చూసి, ‘రోగి సూచనలు పాటించలేదు అని రాసెయ్ జయరాజ్, అబద్ధమేం కాదు గదా’ అన్నారు. మంచి మనిషి. ఆ ఏడాది ఫార్మసీ సూపర్‌వైజరు పోస్టుకు సీనియారిటీ జాబితా తయారవుతోంది, నా పేరు దాంట్లో ఉంది. నా మీద మచ్చ పడకూడదని ఆయన ఉద్దేశం.

నేను ఆ మాట రాయలేదు. నిజమూ రాయలేదు. ఖాళీ ఫారాన్ని స్టాకు రిజిస్టరులో పేజీల మధ్య పెట్టాను. రోజూ రిజిస్టరు తెరిచినప్పుడు అది కనపడేది, పేజీ తిప్పేవాణ్ణి. భాద్రపదం పోయింది, ఆశ్వయుజం వచ్చింది. బస్సులో ముద్దనూరు దాటాక వచ్చే నిద్ర మారింది. కలలో నేను కౌంటరులోనే ఉంటాను, కిటికీ సందులోంచి వంకర మణికట్టు చెయ్యి వస్తుంది, అరచేతిలో ఏమీ ఉండదు. ఏమీ అడగదు. నేను సూర్యుణ్ణి గీసిన ఖాళీ కవరు ఆ చేతిలో పెడతాను. తొండూరు దగ్గర మెలకువ వస్తుంది. కిటికీ అవతల నిజం సూర్యుడు చేలమీద పడుతుంటాడు.

ఆ రెండున్నర నెలలూ రాజేశ్వరి పదిహేను రోజులకొకసారి వచ్చి మందులు తీసుకుపోయేది. అత్త సంగతులు కిటికీ అవతల నుంచి చెప్పేది, నేను ఇవతల కూర్చుని వినేవాణ్ణి. పడుకుంటే పులుపు గొంతులోకి ఎగతన్నుతోందని మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టారట. అంబలి, మజ్జిగ, మెత్తగా పిసికిన అన్నం తప్ప ఇంకేదీ దిగడం లేదట. మా వైపు సంగటిని నమలరు. ముద్ద చేసి పులుసులో అద్ది అట్లే మింగుతారు, అలా గొంతులోంచి నిండుగా దిగితేనే తిన్నట్టు. అరవై ఏళ్ళుగా సంగటి మింగిన మనిషి అంబలి తాగుతూ, పొద్దుగూకులూ చీనీ చెట్ల కింద కూర్చుని, అందరూ తినేటప్పుడు లేచి అవతలికి పోతోందట. ఆ మాత్ర ఆపేశాక కూడా ఇంకా ఎందుకు తగ్గలేదని రాజేశ్వరి అడిగేది. పుండు మానేటప్పుడు ఆ చోటు బిగుసుకుంటుందని, కొంత ఇరుకు ఎప్పటికీ మిగలవచ్చని డాక్టరు చెప్పిందే నేనూ చెప్పేవాణ్ణి. అంతకు మించి చెప్పడానికి నోరు రాలేదు.

కార్తీకం సగమయ్యాక ఒకరోజు, మందుల కవరు తీసుకున్నాక కూడా ఆ పిల్ల చెయ్యి కదల్లేదు.

“అప్పా, ఇది డాక్టరుకు చెప్పేది కాదు, నీకు చెప్తాండా. మా అత్త గండికి పోవడం మానేసింది. ఇంట్లో దీపం గూడా నన్నే పెట్టమంటాది.”

గొంతు నొప్పి వల్లనా అన్నాను.

“నొప్పి వల్ల కాదు. స్వామి తీర్థంలో సర్కారు మాత్ర కలిపితిని, ఆయన గొంతు పట్టుకున్యాడు అంటాది. శనివారమొస్తే ఒక మూల ముసుగు పెట్టుకోని పండుకుంటాది. ఎవురు చెప్పినా ఇనదు.”

ఆమెకు పుండు ఒకచోటే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. మీ అత్తను ఈ బుధవారం తప్పకుండా వెంటబెట్టుకు రమ్మని చెప్పి, రాజేశ్వరి వెళ్ళగానే రిజిస్టరులోంచి ఫారం తీసి నింపాను. ఎలా తీసుకున్నారు అనే గడిలో ఇలా రాశాను. ‘ఫార్మసిస్టు ఇచ్చిన సలహా ప్రకారం రోగి ఉపవాసం రోజున మాత్ర తీసుకుంది. ఉపవాసంలో నీళ్ళు తాగే ఆచారం ఉందా అని ఫార్మసిస్టు విచారించలేదు. తర్వాత మంట అని చెప్పినప్పుడు కూడా విచారించలేదు.’ సూపరింటెండెంటు గారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘నీ ఇష్టం’ అని సంతకం పెట్టి సీలు వేశారు.

బుధవారం ఓపీ పలచబడ్డాక ఆ చెయ్యి కిటికీలోకి వచ్చింది. మణికట్టు ఎముక ఇంకా పైకి తేలింది. అప్పుడు నేను సర్వీసులో ఎన్నడూ చేయని పని చేశాను. కిటికీ మూసి, పక్క తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళి ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. మూడు నెలలకు పైగా ఆమె చెయ్యి తెలుసు, ముఖం అప్పుడే చూడటం. చిన్న ముఖం, రెండు ముక్కుపుడకలు, ఎండలో ఎటో దూరంగా చూస్తున్న కళ్ళు. ఆ వేళప్పుడు వరండాలో ఎండ ఏటవాలుగా పడి, దుమ్ము గాల్లో మెల్లగా తేలుతూ ఉంది. ఎక్కడో ఆయాల గదిలో రేడియో సన్నగా మోగుతోంది.

“నువ్వేనా కాంపౌండరప్పా? గొంతు ఇని లావుంటావనుకుంటి,” అంది.

నేను చెప్పాల్సింది చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. స్వామికి నీ మీద కోపం లేదమ్మా, నీ గొంతు కాల్చింది ఆ మాత్ర, దాన్ని శనివారం మింగమన్నది నేను, నువ్వు నీళ్ళు తాగవని తెలుసుకోకుండా చెప్పాను, తప్పు నాది అన్నాను. ఆమె నా వైపు పరీక్షగా చూసింది.

“నీది చర్చి గదప్పా. మా స్వామి సంగతి నీకేం తెలుసు?”

పైకి పంపబోయే ఆ ఫారం జేబులోంచి తీసి, పక్కనే ఉన్న రాజేశ్వరికి ఇచ్చాను. ఆ పిల్ల నేను రాసిన గడి పైకి చదివింది. ‘ఇంగొకసారి సదువు’ అంది ఓబులమ్మ. మళ్ళీ చదివింది.

“సీలుండాదా?”

ఉంది అన్నాను.

“డాక్టరు సంతకం?”

ఆయనదీ ఉంది, నాదీ ఉంది అన్నాను.

“అయితే ఒక జిరాక్సు ఇయ్యప్పా. స్వామి పాదాల కాడ పెడతా. నేను నోటితో చెప్తే, ముసల్ది తప్పించుకునేకి చెప్తాండాది అనుకుంటాడు. సీలుంటే ఆయన గూడా నమ్మాల్సిందే గదా?”

రాజేశ్వరి పక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు తడిశాయి. గేటు ఎదుట అంగడికి నేనే వెళ్ళి జిరాక్సు తీయించి తెచ్చాను. నకలులో సీలు నల్లగా పడింది. ఊదా రంగులో ఉంటే బాగుండేదని ఆమె పెదవి విరిస్తే, నకలు మీద ఇంకోసారి సీలు వేయించి ఇచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడి వేసుకుంది. ఆ ముడి చూస్తే నాకు మాత్ర ముడి గుర్తుకొచ్చింది.

మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

“ఇది నా తప్పు కాదని నీకు ఎప్పుడు తెలిసింది?”

వినాయక చవితి అయిన వారానికి, మీ కోడలు రిపోర్టు తెచ్చిన రోజున అన్నాను. ఆమె వంకర చేతి బొటనవేలిని వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటే ఆనిస్తూ పోయింది. తొందరేమీ లేదు. భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం ఆ కణుపుల మీదుగా నడిచిపోయాయి.

“పదకొండు శనివారాలప్పా,” అంది. గొంతులో కోపం లేదు. “ఆ పొద్దే చెప్పుండకూడదా?”

రాజేశ్వరి చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. ఎవరో మూసిన కిటికీ తడుతున్న చప్పుడు వినపడి నేను లోపలికి వెళ్ళాను.

ఆ ఏడాది సూపర్‌వైజరు తుది జాబితాలో నా పేరు రాలేదు. ఆ ఫారం వల్లనో, వేరే కారణమో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సంక్రాంతి దాటాక ఆ చెయ్యి కిటికీలోకి వచ్చి, ఆకులో చుట్టిన సిందూరం, సగం వడ పెట్టింది. ‘నిమ్మకాయంత ముద్ద దిగుతాందప్పా. కొబ్బరికాయంత ముద్ద ఇంక ఈ జన్మకు లేదులే’ అంది. ఆ ఇరుకు అలాగే మిగిలిపోయింది. ఆమె దానికి తగ్గట్టు అలవాటు పడింది. చిన్న ముద్దలు, ముద్ద ముద్దకూ గుటకెడు మజ్జిగ, తిన్నాక గంటసేపు తోటలో నడక, మంచం కింద ఇటుకలు. గండికి మళ్ళీ పోతోంది. కాగితం సంగతి అడిగితే, పూజారి తీసుకోనన్నాడని, అయినా తను స్వామికి చూపించే వచ్చానని చెప్పింది. సిందూరం ఏం చేయాలో తెలియక రిజిస్టరులో, ఫారం ఉండిన చోటే పెట్టాను. రిటైరయ్యే రోజు రిజిస్టరు అప్పగించినప్పుడు ఆ పేజీలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునే వాళ్ళకు నేను చెప్పేది ఇది. ఆ తర్వాత నేను కౌంటరులో ‘అర్థమైందా’ అని అడగడం మానేశాను. ఎవరైనా అర్థమైందనే అంటారు. యాడ మింగుతావు, దేంతో మింగుతావు, మింగినాక ఏం చేస్తావు, నువ్వే చెప్పు అని అడిగేవాణ్ణి. వరుస ఆలస్యమయ్యేది, వెనకున్న వాళ్ళు తిట్టేవాళ్ళు, తిట్టనిచ్చాను. జాలీ మీది నోటీసులు కూడా ఒక ఆదివారం చర్చి అయ్యాక వచ్చి నేనే గీకి తీసేశాను. కొత్తగా చేరిన ఫార్మసిస్టులు ఇవన్నీ తొందరగానే నేర్చుకున్నారు. నేర్పడం కష్టమైంది ఒక్కటే. మన వల్ల హాని జరిగిందని తెలిసిన రోజునే ఆ సంగతి రోగికి చెప్పాలి. మనం చెప్పకపోతే రోగి కారణం లేకుండా ఊరుకోడు, తన పాపంలోనో తన దేవుడి కోపంలోనో ఒకటి వెతికి పెట్టుకుంటాడు. ఓబులమ్మ పుండుకు మందు మా దగ్గర ఉండింది, ఇచ్చాం, మానింది. పదకొండు శనివారాలు తిరిగివ్వడానికి మా స్టోర్సులో ఏమీ లేదు.